రాహుకాలానికి ముందే కొండెక్కాలని

మా పాప పుట్టువెంట్రుకలు సింహాచలంలో తీయిస్తామని తను కడుపులో ఉన్నప్పుడే మొక్కుకున్నాం. మూడో ఏడు వచ్చాక ఒక శనివారం బయలుదేరాం. శనివారం తొమ్మిదికే రాహుకాలం వచ్చేస్తుంది, ఆలోపే జుట్టు తీయించాలని మా అత్తయ్య పట్టు. మేముండే గాజువాక నుంచి ఎన్ఏడీ జంక్షన్, గోపాలపట్నం మీదుగా కొండ మీదికి ఉదయం ట్రాఫిక్‌లో గంట పడుతుంది. మధ్యాహ్నం దాకా కారుకి పద్దెనిమిది వందలు మాట్లాడుకున్నాం. స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్ట్ దిగి మావారు బైకు మీద నేరుగా కొండకి వస్తానన్నారు. దర్శనం సంగతుల కోసం ఇది చదువుతున్నవాళ్లు నన్ను క్షమించాలి, మేము కొండ దాకా వెళ్లలేదు.

ఏడింటికి రావాల్సిన కారు ఏడున్నరకి వచ్చింది. మా ఆడపడుచు కొనిచ్చిన పిల్లల సీటు వెనక బిగిద్దామని చూస్తే, బెల్టు బకిల్స్ కనపడలేదు. కొత్త సీటు కవర్లు తొడిగినప్పుడు వాటిని అడుగున వదిలేశారు. ఇక్కడ అద్దెకార్లలో సగం ఇంతే, వెనక బెల్టు ఎవరూ పెట్టుకోరని ఎవరూ పట్టించుకోరు. డ్రైవర్ అప్పలరాజు మొహమాటపడ్డాడు. "పది నిమిసాలు ఆగండమ్మా, కవర్ ఇప్పేసి బకిల్స్ పైకి తీసేత్తాను" అన్నాడు.

అత్తయ్య ఒప్పుకోలేదు. "తల్లి ఒల్లో కంటే నీ బెల్టు గట్టిగా పట్టుకుంతాదేటి బాబూ? రాహుకాలం ఒచ్చేత్తాది, బండి తియ్యి" అన్నారు. సీటు డిక్కీలోకి వెళ్లింది. వెనక కూర్చుంటే పాపకి వాంతులవుతాయని, దాన్ని ఒళ్లో పెట్టుకుని నేనే ముందు సీట్లో కూర్చున్నాను. అప్పలరాజు నావైపు చూసి, "ముందర వద్దమ్మా" అని ఇంకోసారి అన్నాడు. ఏం కాదులే అన్నాను. నా బెల్టు మాత్రం నేను పెట్టుకున్నాను.

గోపాలపట్నం దాటాక పక్క సందులోంచి ఒక ఆటో అడ్డంగా వచ్చింది. అప్పలరాజు గట్టిగా బ్రేకు వేశాడు. ఆటోకి మేము తగలనేలేదు, కారుకి గీత కూడా పడలేదు. పాప మాత్రం నా చేతుల్లోంచి జారిపోయి డాష్‌బోర్డుకి కొట్టుకుంది. నేను రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను. అలా పట్టుకుంటే చాలనుకున్నాను.

అప్పలరాజు పావుగంటలో ఆసుపత్రికి చేర్చాడు. కుట్లు వేయడానికి అక్కడి నర్సు పాప తల కుడివైపంతా గొరిగింది. స్వామికి ఇవ్వాల్సిన జుట్టు రక్తంతో కలిసి చెత్తబుట్టలోకి పోయింది. చెవి వెనక ఎముక చిట్లిందని డాక్టరమ్మ చెప్పారు. కొండ దగ్గర్నుంచి పరుగున వచ్చిన మావారు అప్పలరాజు కాలర్ పట్టుకున్నారు. పాప ఎక్కడ కూర్చుందని డాక్టరమ్మ అడిగితే, "ఎనకే కూకుంది, ఈడే బ్రేకు ఎడాపెడా ఏసీసేడు" అన్నారు అత్తయ్య. నాకు సిగ్గేసింది.

"ముందు సీట్లో, నా ఒళ్లో కూర్చుంది. అప్పలరాజు వద్దనే అన్నాడు" అన్నాను. మావారు కాలర్ వదిలేశారు.

ఇది జరిగి ఏడు నెలలైంది. ఆ దెబ్బకి పోయిన పాప కుడి చెవి వినికిడి మళ్లీ రాలేదు, ఇక వస్తుందని డాక్టర్లు ఆశ పెట్టడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు సందు చివర పాల బూత్‌కి కారులో వెళ్లినా సీటు బిగిస్తాం. మొదట్లో నేను దాని కుడిపక్కన కూర్చుని కబుర్లు చెప్పేదాన్ని. అది కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేది. పలకడం లేదని ఒకసారి విసుక్కున్నాను కూడా. ఇప్పుడు ఎడమవైపు కూర్చుంటున్నాను.

పిల్లలతో అద్దెకారు మాట్లాడుకునేవాళ్లకి ఒక్క మాట. రేటు అడిగేటప్పుడే, వెనక సీటు బకిల్స్ కవర్ పైకి ఉన్నాయో లేదో ఫోటో తీసి పంపమనండి. లోపలుంటే వాటిని పైకి తీయించేదాకా బండి కదలనివ్వకండి, వేళ మించిపోయినా సరే.