అప్ప ముందు చాపిన కాలు

దగ్గరగా జరిగి కూర్చోండమ్మా. గొంతెత్తి చెప్పే సంగతి కాదిది.

మా ఆయన గుండెలో ఒక కవాటం గట్టిపడిపోయింది. కాశీబుగ్గ బజారు దాకా నడిస్తే చాలు, ఆయాసంతో కూలబడేవాడు. కిడ్నీలు అప్పటికే సగం పాడు. మా ఉద్దానంలో అది కొత్తేమీ కాదు కదా. ఛాతీ కోస్తే తట్టుకోలేడని, విశాఖలో డాక్టర్లు తొడ మొదట్లో రక్తనాళానికి కన్నం పెట్టి, అందులోంచి గుండె దాకా గొట్టం పంపి కొత్త కవాటం అమర్చారు. గొట్టం తీశాక ఆ కన్నాన్ని దారంతో ముడివేసి మూశామని, పైన చేత్తో చాలాసేపు అదిమి పట్టామని డాక్టరమ్మ చెప్పింది.

"గుండె సంగతి మేం చూశాం. కాలి సంగతి మీరు చూసుకోండి. మేం చెప్పేదాకా ఈ కాలు మడవకూడదు. ముడి ఊడితే రక్తం ఆగదు" అంది.

నేను కుర్చీ లాక్కుని ఆ కాలినే చూస్తూ కూర్చున్నాను.

"ఒలే, నా మొకం ఇటేపుంది. పెళ్లినాడు కూడా కాళ్లే సూసినావు" అని నవ్వాడాయన.

"మాటాడకుండా తొంగో. కదిలినావంటే మంచానికి కట్టీగలను."

"కట్టీయ్. ఎప్పుడు వొదిలీసినావు గనక!"

ఎన్నాళ్లకో అన్ని మాటలు ఆయాసం లేకుండా అన్నాడు. పెదాలకు రంగు తిరిగింది. ఇంక మనిషి దక్కాడనే అనుకున్నాను.

సాయంత్రం మా వదిన వచ్చింది. ఆయనకు అప్ప, తోడబుట్టిన అక్క. తల్లి పోతే చంకనేసుకుని పెంచిన మనిషి. మూలపేట దగ్గర పల్లెనుంచి బస్సెక్కి, పలాసలో రైలెక్కి, ఒక్కర్తీ వచ్చింది. తలుపు తోసుకుని తిన్నగా మంచానికి కాళ్లవైపు నిలబడింది.

ఆ ఇంట్లో పెద్దవాళ్లకు ఎదురుగా కాళ్లు చాపరు. అప్ప గుమ్మంలో అడుగు పెడితే, కునుకులో ఉన్నా మా ఆయన కాళ్లు ముడుచుకునేవాడు. తల నెరిశాక కూడా అంతే.

"ఎలాగున్నావురా నాయినా?"

"వొచ్చినావా అప్పా" అని నవ్వుతూనే రెండు కాళ్లూ దగ్గరికి లాక్కున్నాడు.

"కాలు!" అని నేను అరిచేసరికే దుప్పటి ఎర్రబడిపోయింది. నర్సు పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ వేసి అదిమింది. మమ్మల్ని బయటికి పంపేశారు. తొడ కోసి రక్తనాళం కుట్టారు. రక్తం ఆగింది గానీ, అంత రక్తం పోయాక ఆ కిడ్నీలు మరి లేవలేదు. డయాలిసిస్ మీద కొన్నాళ్లు లాక్కొచ్చి, ఒక మధ్యాహ్నం వెళ్లిపోయాడు. కొత్త కవాటం మాత్రం చివరిదాకా చక్కగా పనిచేసిందట.

దినాలయ్యాక వదిన నా చెయ్యి పట్టుకుంది.

"గుండె బాగైనాదన్నారు గదే. మరేటైపోనాదే నా తమ్ముడికి? నానొచ్చినప్పుడే ఆ రగతమేటే?"

ఆవిడ మొహం చూశాను. ఆ కాలు ఎవరి కోసం మడిచాడో చెబితే ఆవిడ ముద్ద మింగదు.

"ముడి నిలబడనేదు వొదినా. కిడ్నీలూ ఓర్సుకోనేదు."

"నన్ను సూసి నవ్వినాడే."

"నిన్ను సూసే నవ్వినాడు వొదినా."

ఆ నవ్వునే తలుచుకుని ఏడుస్తూ బతికింది. నిరుడు ఆవిడా పోయింది. ఇంక విని బాధపడేవాళ్లు లేరు కనుక ఈవేళ మీకు చెప్పాను.

మీ ఇల్లు పచ్చగా ఉండాలి తల్లీ. మీ ఇంట పుట్టినవాళ్లంతా ఒకరి కళ్లెదుట ఒకరు నిండుగా బతకాలి.