ఐదు ఆర్

నెహెమ్యా చదివింది ఐదో తరగతి. అదీ ఎలాగోలా నెట్టుకొచ్చిందే. టోపో షీటు, అదే సర్వే పటం, చేతికిస్తే మాత్రం గడగడా చదివేస్తాడు. పాతికేళ్ళు సర్వే పార్టీలో ఖలాసీగా కొలత కర్ర మోసినవాడు మరి! పి.ఓ. అంటే పోస్టాఫీసు, పి.ఎస్. అంటే పోలీస్ స్టేషను, నీలం సున్నా నుయ్యి, తెగిన గీతలు బండిబాట. నౌపడ ఉప్పుమళ్ళు ఎక్కడ మొదలవుతాయో కళ్ళు మూసుకుని వేలు పెడతాడు. భావనపాడు టీ బడ్డీ దగ్గర ఈ గొప్పలు విననివాడు లేడు. విసిగిపోయి "ఇంక ఆపు మావా" అనేవాళ్ళు. భార్య అన్నమ్మ పోయాక తనే ఆపేశాడు.

ఆమె పోయి రెండేళ్ళయింది. సరుగుడు తోట అవతల, చర్చి సంఘం వాళ్ళ సమాధులున్న ఇసక దిబ్బ మీద, అతని తల్లి పక్కనే పెట్టారు. నెహెమ్యా ఏడవలేదు. ఎందుకు రాలేదో ఆ ఏడుపు, అతనికీ తెలీదు. వండుకుంటాడు, తింటాడు, ఆదివారం చర్చికి వెళ్తాడు. అంతే.

ఈ వేసవిలో హార్బరుకి కొత్త రోడ్డన్నారు. దాని గీత తిన్నగా ఆ దిబ్బ మీదుగానే పోయింది. కొలతలకొచ్చిన సర్వేయరు ప్రమోదిని, ఓపికున్న పిల్ల, పాత షీటు పట్టుకుని నెహెమ్యా ఇంటికే వచ్చింది.

"తాతా, సమాధులున్నాయని మీ సంఘం వాళ్ళు అర్జీ పెట్టారు. పాత షీటులో ఉంటే రోడ్డు పక్కకి జరుపుతారట. ఇందులో చుక్కలూ, ఐదు అంకె పక్కన ఆర్ అక్షరమూ తప్ప నాకేం కనపడట్లేదు. మీరోసారి చూడండి."

చూడకుండానే చెప్పగలడు. అయినా చూశాడు.

"సుక్కలు ఇసకమ్మా. ఐదు ఆర్ అంటే, సుట్టూ ఉన్న నేల మీంచి దిబ్బ ఐదు మీటర్ల ఎత్తు."

"సమాధుల గుర్తు?"

"నేదు."

"అప్పటికి సమాధులు లేవా?"

"ఉండీవి. పదో పన్నెండో. మాయమ్మది కూడా."

ప్రమోదిని రాయడం ఆపింది. అతని గొంతు మారలేదు, ఎవరిదో సంగతి చెప్తున్నట్టే ఉంది.

"ఆ పార్టీలో నానున్నాను. ఆఫీసరు కింద నిలబడి, పైన ఏటుందిరా అనడిగినాడు. ఏటీ నేదు బాబూ, ఇసక, అన్నాను. అదే రాసుకున్నాడు."

"అలా ఎందుకన్నారు తాతా?"

"ఆకలేసింది. ఉన్నాయంటే మల్లీ ఎక్కి కొలవాల. కింద సేపల కూర ఉడుకుతన్నాది."

ప్రమోదిని కాగితం అతని ముందు పెట్టింది.

"ఇది రాయాలంటే మీ పేరుతోనే రాయాలి. సంఘంలో అందరికీ తెలిసిపోద్ది. రాసినా పైవాళ్ళు ఒప్పుకుంటారని చెప్పలేను."

"రాయమ్మా. అప్పుడు నేదన్నదీ నానే, ఇప్పుడు ఉన్నాదన్నదీ నానే అని రాయి."

సంతకం పెట్టాడు. ఇద్దరూ కొలవడానికి బయల్దేరారు. ఆమె కొలత మిషను పెట్టుకుని దిబ్బ కింద నిలబడింది. కర్ర ఇంకెవరికీ ఇవ్వకుండా తనే పట్టుకుని ఎక్కాడు నెహెమ్యా. తల్లి సమాధి కొలత అయింది. పక్క సమాధి దగ్గర కర్ర నిలబెట్టాడు.

"అక్కడేముంది తాతా?" కింద నుంచి అడిగింది ప్రమోదిని.

"మా అన్నమ్మున్నాది," అన్నాడు. గాలికి వినపడలేదామెకి. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పబోయాడు. రెండేళ్ళ ఏడుపూ అప్పుడొచ్చింది. కొలత తప్పుతుందని కర్ర మాత్రం కదలనివ్వలేదు.