బావ సరసం

మొన్న ఆదివారం సింగపూర్ బిషాన్‌లో మా అక్క మనవరాలి తైక్వాండో ప్రదర్శనకు వెళ్ళాను. చెయ్యి పట్టుకున్న కుర్రవాణ్ణి ఆ పదేళ్ళ పిల్ల ఒక్క మెలికతో కింద పడేస్తే మావాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. "చిన్నమ్మమ్మా, వెరీ ఈజీ లా, నీకూ నేర్పిస్తా" అంది ఈ ఊరి యాసలో, నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి. నవ్వాను. నాకు రాని విద్యేం కాదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, నాలాంటి ఆడపిల్లలు జురాంగ్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు వెళ్ళడం కొత్తగా మొదలైన రోజులవి. మలేషియా రబ్బరు తోటల నుంచి మమ్మల్ని తీసుకుని ఇక్కడికొచ్చిన నాన్నకు ఈ ఊరి వీధులు తలుచుకుంటే గుండె పీచుపీచుమనేది. బస్సు దిగి నడిచే దారిలో ఏ తాగుబోతు అడ్డం వస్తాడోనని ఆయనే నన్ను మా బ్లాకు దగ్గర ఈ కొరియా విద్య నేర్పే చీనా మాస్టారి దగ్గర చేర్చాడు. పట్టుకున్నవాడి బొటనవేలి వైపే తప్పించుకునే దారి ఉంటుందని చెప్పి, ఆలోచించే పని లేకుండా చెయ్యి దానంతటదే తిరిగేదాకా చేయించేవాడా మాస్టారు. ఆ క్లాసు తెల్లబట్టలు వేసుకుంటే నాకు ఎక్కడలేని ధీమా వచ్చేది, వారమంతా ఆ గంట కోసమే బతికేదాన్ని.

చివరికి అడ్డం వచ్చింది తాగుబోతు కాదు, మా బావ, అక్క మొగుడు. మరదలితో బావ సరసమాడడం మనలో తప్పు కాదు కదా, ఆయన నా జడ లాగినా భుజం మీద చెయ్యేసినా ఇంట్లో అందరూ నవ్వేవారు, నేను మొహం మాడ్చుకుంటే ఇంకా నవ్వేవారు. ఒక పండగనాడు వంటింట్లో ఎవరూ లేనప్పుడు ఆయన నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగాడు, ఎంత బతిమాలినా వదల్లేదు. అది సరసం కాదు. నా చెయ్యి దానంతటదే తిరిగింది, ఆయన గిన్నెల మీద పడ్డాడు, చెయ్యి బెణికింది, చప్పుడుకు అందరూ పరుగెత్తుకొచ్చారు.

"బావ సరసమాడితే చెయ్యి విరగ్గొడతావా? రేపు నిన్నెవడు చేసుకుంటాడే?" అని అమ్మ శోకాలు పెట్టింది. అల్లుడు అలిగి వెళ్ళిపోతే అక్క గతేమిటని నాన్న అందరి ముందూ నా చేత ఆయన కాళ్ళు పట్టించాడు. ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. అక్కకు అడగక్కర్లేదు, మొగుడి సంగతి తనకు తెలుసు, అయినా తల వంచుకుని ఆయన చేతికి పసుపు పట్టు వేస్తూ కూర్చుంది. మర్నాడే నన్ను క్లాసు మాన్పించారు. ఆడదానికి అంత పొగరు పనికిరాదట!

మొన్న ప్రదర్శన అయ్యాక అక్క మనవరాలిని ఒళ్ళోకి తీసుకుని, ఎవడు చెయ్యేసినా ఇలాగే చెయ్యి తల్లీ, చుట్టమైనా సరే వదలొద్దు అంది. అంటూ నా వంక మాత్రం చూడలేదు. కాలం మారిందంటారు, నిజమే, ఆ పిల్ల అదృష్టం. అక్క ఆ ఒక్క మాట ఆ రోజు వంటింట్లో అని ఉంటే, బావ పోయి ఇన్నేళ్ళయినా తన పక్కన నేనిలా పరాయిదానిలా కూర్చునేదాన్ని కాదు.