యూరియా మీద వేసిన తువ్వాలు

మా ప్రోగ్రామర్ సార్ ఉదయగిరిలో చనిపోయారని ఆత్మకూరు బస్టాండులో కండక్టర్ చెబితే తెలిసింది. ఆయన ఒకప్పుడు పనిచేసిన ఆ ఊరి ఎరువుల డిపోకు వెళ్ళి చెప్పాను. "ఎవరాయన?" అన్నారు. అక్కడ కంప్యూటర్లో బిల్లులు వేసే ఏర్పాటంతా ఆయన రాసిందే.

అప్పట్లో నేనక్కడ జమాఖర్చు రాసేవాణ్ణి. సార్ టీ సాసర్లో పోసుకుని, ఆపరేటర్ వెనక నిలబడి తాగేవారు. తప్పు దొరికేదాకా కూర్చునేవారు కాదు. "ఆగిందెవరని చూడొద్దు, ఆపిందెవరో చూడు" అనేవారు.

నాట్ల కాలంలో ఒకరోజు పొద్దుటి నుంచీ బిల్లులు కదల్లేదు. బయట ఎండలో యూరియా కోసం వచ్చిన సంగం, అనంతసాగరం రైతులు. మేనేజరు గాజు గదిలోంచి వచ్చి ఆపరేటరమ్మాయి మీద పడ్డాడు.

"ఏందమ్మే, బిల్లు కొడతుండావా, గరిటె చెక్కతుండావా? రేపట్నించి రావొద్దు."

ఆమెది ఉదయగిరి. ఇంట్లో చెక్క గరిటెలు చేస్తారు. ఆ ఇంటికి ఆమె జీతమే ఆధారం.

సార్ ఆమె చేత పురుగుమందు బిల్లు వేయించారు. వెంటనే ఎక్కింది. యూరియా బిల్లు వేయించారు. నిలబడిపోయింది.

"పిల్ల చేతులు బాగుండాయి, మిషనూ బాగుండాది" అన్నారు. "యూరియా నిల్వ దిద్దడానికి ఎవరో తెరిచి, సేవ్ చెయ్యకుండా పట్టుకోనుండారు. వాళ్ళు వదిలేదాకా యూరియా బిల్లులన్నీ కాచుకోవాల్సిందే. బస్సు సీటు మీద తువ్వాలు ఏసినట్టు."

"ఏసిందెవరు సార్?" అన్నాను.

ఏ స్క్రీన్ పట్టుకుందో వెతికి, ఆయన గాజు గది వైపు చూశారు. అది మేనేజరు మరిచి వదిలింది కాదు. వెనక గేటు దగ్గర పెద్ద డీలరు లారీ నిండుతోంది. అది నిండాకే మిగతావాళ్ళకు.

ఆ సాయంత్రమే సార్ ప్రోగ్రాం మార్చారు. ఎవరు తెరిచి ఊరకున్నా, కాసేపటికి పట్టు దానంతటదే వదిలిపోతుంది.

"అది తీసెయ్" అన్నాడు మేనేజరు.

"తియ్యను సార్. కావాలంటే నన్ను తీసెయ్యండి."

తీసేశారు.

సంగతి అందరి ముందూ బయటపడింది కాబట్టి అమ్మాయి ఉద్యోగం నిలిచింది. సార్ ఉదయగిరిలో రేడియోలు బాగుచేసుకుంటూ బతికారు. ఆయన చేసిన మార్పును కొత్తగా వచ్చినవాడు తీసేశాడు. బిల్లులు మళ్ళీ ఆగాయి. ఈసారి మిషన్ని తిట్టారు.

ఇప్పుడు ఆయన్ను కడసారి చూడ్డానికి, నేను కబురు చెబితే వచ్చిన ఆ అమ్మాయీ నేనూ ఉదయగిరి బస్సెక్కాం. కిక్కిరిసిన బస్సులో ఒక సీటు మీద తువ్వాలు. పక్కన కమ్మీ పట్టుకుని ఒక అవ్వ. బస్సు కదిలినా ఎవరూ రాలేదు, ఎవరూ తియ్యలేదు.

అమ్మాయి ఆ తువ్వాలు తీసి మడిచి పై కమ్మీ మీద వేసింది. "కూర్చో అవ్వా" అంది. తను నిలబడే ఉంది.

ఉదయగిరి కొండ కనిపించేదాకా ఆ తువ్వాలు మా తలల మీద ఊగుతూనే ఉంది. నాదని ఎవరూ అడగలేదు.