చింతపండుతో తోమిన అమెరికా కారు

మొన్న దుబాయ్ అవతల ఫుజైరాలో నేను చేసిన నిర్వాకం వింటే, ఇక మీ ఇంట్లో ఒక్క గిన్నె కూడా నన్ను ముట్టుకోనివ్వరు. అయినా చెబుతాను.

మా అబ్బాయి శ్రీను ఇక్కడ పోర్టు దగ్గర గ్యారేజీలో మెకానిక్. ఇన్నాళ్ళూ వాడి చేతికొచ్చినవన్నీ క్వారీ లారీల బంపర్లే. ఈమధ్య ఇక్కడి డబ్బున్నవాళ్ళకు కొత్త సరదా పట్టుకుంది. నా పెళ్ళికి ముందెప్పుడో అమెరికాలో తయారైన పొడుగు ముక్కు కార్లను ఓడల్లో తెప్పించి, మళ్ళీ ప్రాణం పోయిస్తున్నారు. మజిల్ కార్లంటారట. కారుకు కండలేమిటిరా అంటే ఇంజను స్టార్ట్ చేసి వినిపించాడు. మా ఊరి రైసు మిల్లు గుర్తొచ్చింది.

అలాంటి కారొకటి మొదటిసారి మావాడొక్కడి చేతికే అప్పగించారు. శనివారం దుబాయ్‌లో పాత కార్ల షో. శుక్రవారం నమాజు అయ్యాక అర్బాబ్, అంటే ఆ కారు ఓనరు, వచ్చి చూసుకుంటాడు. నచ్చితే ఆయన దగ్గరున్న మరో రెండు పాత కార్ల పనీ శ్రీనుకే. నచ్చకపోతే మళ్ళీ లారీ బంపర్లే. మూడు నెలలుగా వాడు నిద్రలో కూడా నట్లు బిగిస్తున్నాడు.

గురువారం మధ్యాహ్నం అన్నం క్యారియర్ పట్టుకెళ్ళాను. శ్రీను ఏదో రబ్బరు పైపు కోసం బజారుకెళ్ళాడట. మిగతావాళ్ళు భోజనాలకెళ్ళారు. కారు ఒక్కటే ఉంది. చుట్టూ తిరిగి చూశానా, బానెట్ మీద రంగు వెలిసిపోయి, పళ్ళెమంత మేర ఎర్రగా తుప్పు! ఇంజను హడావుడిలో పిచ్చినాయన పైన తోమడం మర్చిపోయాడు, రేపు అర్బాబ్ ముందు పరువు పోతుంది అనుకున్నాను.

పన్నెండేళ్ళు బర్ దుబాయ్‌లో పరాయి వంటిళ్ళు శుభ్రం చేసినదాన్ని. తుప్పు నాకో లెక్కా? పక్క సందులోనే ఇల్లు. వెళ్ళి నానబెట్టిన చింతపండు, రాళ్ళుప్పు, కొబ్బరి పీచు తెచ్చాను. చీర కుచ్చిళ్ళు దోపి మొదలుపెట్టాను. మోచేయి నొప్పెట్టినా ఆపలేదు. గంటసేపు రుద్దితే లోపలి ఇనుము తెల్లగా మెరిసింది. నా ముఖం కనబడుతోంది అందులో. ఇనుము ఇంత అందంగా ఉంటుందని ఈ వయసులో తెలిసింది.

శ్రీను వచ్చాడు. చూశాడు. చేతిలో పైపు అలాగే పట్టుకుని టైరు మీద కూలబడ్డాడు.

"అమ్మా, అది యాభై ఏళ్ళ తుప్పే."

"అందుకే కదరా అంత గట్టిగా ఉంది," అన్నాను.

అప్పుడు చెప్పాడు. లోపలంతా కొత్తగా చేయమని, పైన మాత్రం ఎండకు వెలిసిన రంగు, పట్టిన తుప్పు అలాగే ఉంచమని అర్బాబ్ మరీ మరీ చెప్పాడట. అదే ఆ కారుకు అందమట. ఆ ముక్క నాకూ చెప్పొద్దూ అంటే, తుప్పు తోమొద్దని కన్నతల్లికి ఎవరైనా చెబుతారా అన్నాడు. అదీ నిజమే.

పోగొట్టింది నేను, తెచ్చేదీ నేనే అనుకున్నాను. ఈ సముద్రం గాలికి నా అట్లపెనం తడిగా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. మరి ఇదీ ఇనుమే కదా! బకెట్లో ఉప్పునీళ్ళు కలిపాను. పాత నేత చీర ముక్క చింపి, ముంచి, ఆ మెరుపు మీద పరిచాను. ఆరినప్పుడల్లా మళ్ళీ తడిపాను. శ్రీను వద్దనలేదు. వాడికి వేరే దారీ లేదు.

పొద్దున్నే గుడ్డ తీశాం. తుప్పు పట్టింది! పాతదానితో కలిసిపోయేంత చక్కటి తుప్పు. కళ్ళకద్దుకోబోయాను. ఇంతలో శ్రీను వంగి, వేలు పెట్టి లెక్కపెడుతున్నాడు. ఆ చీర ముక్క అంచు మామిడి పిందెలది. ఒక్కో పిందె తుప్పులో అచ్చుగుద్దినట్టు దిగింది. పదకొండు.

"మళ్ళీ తోమనా?" అన్నాను.

వాడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

నమాజు అయ్యాక అర్బాబ్ వచ్చాడు. తెల్ల గడ్డం, నా ఈడువాడే. ఇంజను మోగుతుంటే చంటిపిల్లాడిలా మురిసిపోయాడు. తర్వాత బానెట్ ముందు ఆగాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. శ్రీను నోరు తెరిచేలోపు నేను ముందుకెళ్ళాను. వంటిళ్ళలో నేర్చిన హిందీలో చింతపండు దగ్గర్నుంచి చీర దాకా అంతా చెప్పేశాను. తప్పు నాది, వాడి పని మాత్రం చూడండి అన్నాను.

ఆయన వంగి ఒక్కో పిందెనూ చూశాడు.

"ఇంజను బాగుంది. షోలో ఎలాగూ బానెట్ ఎత్తే ఉంచుతాం," అన్నాడు హిందీలో. "దించామంటే జనం అచార్ అడుగుతారు."

అచార్ అంటే మన ఊరగాయ. నవ్వలేదాయన. అన్నాక మాత్రం గడ్డం కదిలింది. మిగతా రెండు కార్లూ సోమవారం పంపిస్తానని శ్రీనుకు చెప్పి వెళ్ళాడు.

షోకు వచ్చినవాళ్ళంతా ఇంజనే చూశారట. నా పదకొండు పిందెల్నీ ఒక్కడూ చూడలేదట. చెబితే నమ్మరు, కాస్త బాధేసింది.

సోమవారం ఆ కార్లతోపాటు వచ్చే డ్రైవరు చేతికివ్వాలని అర్బాబ్ కోసం ఆవకాయ సీసా దించాను. మూతంతా తుప్పు. చేయి దానంతటదే చింతపండు డబ్బా మీదికి పోయింది. మధ్యలో వెనక్కి తీసుకున్నాను. ఆ తుప్పు ఎన్నేళ్ళదో, ఆయనకు ఎంత ఇష్టమో నాకేం తెలుసు? అలాగే పంపించాను.