పక్కవాడి కొండకు కాపలా

మా వియ్యంకుడుగారు పోయారు. కబురు తెచ్చిన పాలేరు గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. వెంటనే బెజవాడలో బస్సెక్కి, కొండల వార ఉన్న వాళ్ల ఊరికి వెళ్లాను. ఆయన్ని మహానుభావుడనను. అంటే ఆయనే లేచి విసుక్కుంటారు.

ఆ ఊరి వెనక కొండవాలు ఈయనతో సహా కొందరు రైతుల సొంతం. మేకలూ గొడ్డళ్లూ కలిసి దాన్ని నున్నగా గొరిగేశాక, వాగు వానాకాలమంతా బురద మోసుకొచ్చి చెరువు పూడ్చేది, చలికాలానికే ఎండిపోయేది. అప్పుడీయన రైతులను అరుగు మీద కూర్చోబెట్టి, తాంబూలాలిచ్చి ఒక కట్టుబాటు చేయించారు. మీరు నవ్వుతారు: ఎవరి వాలుకు వారు కాపలా కాయకూడదు, పక్కవాడిది కాయాలి. పక్కవాడు సరేనంటేనే తన చెట్టు మీద గొడ్డలి పడాలి.

"అదేం చోద్యం అన్నయ్యగారూ! మీ చెట్లకు మీరు చాలరా?" అన్నాను.

"నా చెట్టు కొట్టడానికి నాకు సవాలక్ష కారణాలు దొరుకుతాయమ్మా. పక్కవాడి చెట్టుకు ఒక్కటీ దొరకదు."

మా అమ్మాయి అత్తారింట అడుగుపెట్టిన రోజున పందిరికి గుంజలు చాలలేదు. ఆయన చెట్లకు కాపలా ఉన్న పక్క రైతు కంకిపాడు వెళ్లాడు. అతను తిరిగొచ్చి సరేననేదాకా కొత్తకోడలు ఎండలోనే నిలబడింది. ఆ పూట నేను ఆయన్ని అన్న మాటలు అచ్చువేయదగినవి కావు.

కొన్నేళ్లకు వాగు వేసవి దాకా పారింది. దుప్పులు తిరిగొచ్చి ఆయన చేలోనే పడ్డాయి. "మన కంది వాటికి నచ్చింది" అని మురిసిపోయారు.

అంతలో యుద్ధం. పెట్రోలు కరువై బస్సులు కట్టెబొగ్గుతో నడవసాగాయి, బొగ్గు కాంట్రాక్టర్లు కొండెక్కారు. రైతులు ఒకరి తరవాత ఒకరు చెట్లు అమ్ముకున్నారు. చివరికి ఆ పక్క రైతు కూడా, "పట్టా నాది అన్నయ్యా" అన్నాడు. పట్టా అతనిదే, ఈయన దగ్గర ఉన్నది మాట ఒక్కటే. రోజూ వెళ్లి, అతని చెట్లు నరుకుతున్న చోట ఒక మోడు మీద కూర్చునేవారు.

"అక్కడ కూర్చుని ఏం చేస్తున్నట్టు?" అని అడిగాను.

"కాపలా కాస్తానని తాంబూలం పుచ్చుకున్నాను కదమ్మా."



నేను వెళ్లేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. దహనానికి కట్టెలు కావాలి. కొండ మీద మిగిలినవి ఆయన చెట్లే. మా అల్లుడు గొడ్డలి ముట్టుకోలేదు. వెళ్లి ఆ పక్క రైతు ముందు నిలబడ్డాడు.

"బాబాయ్, ఒక మాను కొట్టుకోమని చెప్పు."

"నన్నడుగుతావేంట్రా? నా మాటకింకా విలువుందంటావట్రా?"

"నాన్న చెట్లకు కాపలా నువ్వే కదా. ఎండినదేదో నువ్వే చూపించు."

అతను కండువా నడుముకు చుట్టుకుని ఒక్కడే కొండెక్కాడు. అరుగు మీంచి మాకు కనిపిస్తూనే ఉన్నాడు. ఒక చెట్టు దగ్గర ఆగాడు, చెయ్యి వేశాడు, తలెత్తి కొమ్మల్లోకి చూశాడు, చెయ్యి తీసేసి ఇంకో చెట్టు దగ్గరికి నడిచాడు. పొద్దు వాలుతోంది. అతనింకా పైకే పోతున్నాడు.