శుభలేఖలో అంకుల్

“ఇంటిపేరు వేరుగా ఉందే, వీరు మీకేమవుతారండీ?” అన్నాడు విజయవాడలో శుభలేఖలు అచ్చువేసే ఆయన.

“అంకుల్.”

“అంకుల్ అని వెయ్యలేం కదమ్మా! బాబాయిగారా, మావయ్యగారా?”

నాన్న పోయాక, నా ఎనిమిదో ఏట అమ్మ పెళ్ళిచేసుకున్న మనిషాయన. అప్పట్నుంచీ అంకులే. రేపు సాయంత్రంలోగా తేల్చకపోతే నా పెళ్ళి కార్డులు ఆగిపోతాయి. ఫోన్లో అడిగే మాటా కాదు.

మర్నాడు ఏడుంపావుకి అమ్మావాళ్ళుండే ఉయ్యూరుకి బస్సెక్కాను. పొద్దున వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. ముందు సీట్లో కాలేజీ పిల్ల “అంకుల్, కంకిపాడు ఒకటి” అని కండక్టర్ని పిలిచింది. ఆయనా అంకులేనా! ఫోన్లో నిఘంటువు తీశాను. ఆ మాట లాటిన్‌లో పుట్టిందట, మొదట్లో అమ్మ తోడబుట్టినవాడని అర్థమట. ఇంగ్లండులో ఒకప్పుడు తాకట్టు వ్యాపారినీ అలాగే అనేవారట. అమెరికాలో ఓడిపోయానని ఒప్పుకోవాలన్నా “అంకుల్” అనాలట. నా బుర్ర తిరిగిపోయింది. అమ్మ మొగుడు అమ్మకి తమ్ముడెలా అవుతాడు, ఖర్మ కాకపోతే!

ఎనిమిదిన్నరకి ఉయ్యూరు. అమ్మ పెసరట్టు పెట్టింది. అంకుల్ కళ్ళజోడు పెట్టుకుని కార్డు నమూనా రెండుసార్లు చదివారు.

“మీ నాన్న పేరేదమ్మా?”

ఈయన నొచ్చుకుంటారని నేనే తీసేశాను. ఆయన పెన్ను తీసి, అన్నిటికన్నా పైన ‘కీర్తిశేషులు’ అని రాసి, పక్కన నాన్న పేరు రాశారు. తన పేరు కిందకి, అమ్మ పేరు పక్కకి దింపారు.

“మరి మిమ్మల్ని ఏమని వేయించను?”

“ఏమీ వద్దు. అంకుల్ అనమని నేర్పింది నేనే కదా. నాన్న అన్న మాట మీ నాన్నకే ఉండనీ అనుకున్నా.”

నాకది గుర్తే లేదు. ఆ పిలుపుని నేనే పిసినారిగా దాచుకున్నాననుకుని ఇన్నేళ్ళూ సిగ్గుపడ్డాను. ఆయనే పుచ్చుకోలేదా? ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలీలేదు.

పదకొండుంపావుకి తిరుగు బస్సు. చిల్లర దగ్గరుంచుకోండి, కండక్టర్లు విసుక్కుంటారు. పక్కసీటావిడ నా ఒళ్ళో కార్డు చదివి, “వీళ్ళలో మీ నాన్నగారెవరమ్మా?” అంది.

“పైనున్నాయనండీ.” ఆగాను. “కిందాయన కూడా.”

“అదెలాగమ్మా?”

“నాకూ పూర్తిగా అర్థం కాలేదండీ” అని పెన్ను తీసి, పేర్లన్నిటి కింద కలిపి ‘గార్ల కుమార్తె’ అని రాశాను. బస్సు కుదుపుకి అక్షరాలు కాస్త వంకరపోయాయి.